వ్యాధిశేషము – ఋణశేషము

ఋణమును, అగ్నిని, శత్రువును, వ్యాధిని కొంచెమైనను మిగిల్చి విడువరాదని పెద్దలు చెప్పుదురు. చల్లారినదనుకొన్న బూడిదలో దాగిన నిప్పుకణిక తెల్లవారునప్పటికి ఇంటికప్పును అంటుకొనును. తీరినదనుకొన్న అప్పు వడ్డీతో పెరిగి మనుమల కాలమున వాకిట నిలుచును. శేషము చిన్నదే; కాని కంటికి కనబడదు గనుకనే అది ప్రమాదకరము. ఈ నీతిని సామాన్యముగా రాజనీతికిని, గృహస్థుని వ్యవహారమునకును అన్వయింతురు. బాలబాలికలకు వచ్చు ఎముక కాన్సరు విషయమున ఇది అక్షరాల వైద్యశాస్త్ర సత్యము. ఆ వ్యాధినుండి బ్రతికి బయటపడిన బిడ్డ విషయమున ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న కూడ అగుచున్నది. వ్యాధి తీరిన పిమ్మట మిగులు ఋణమేది? అది ఎవరిది? దానిని తీర్చుట యెట్లు?

ఎముకలలో పుట్టు కాన్సరులలో పిల్లలకును, యౌవనమున అడుగిడుచున్నవారికిని ఎక్కువగా వచ్చునది ఆస్టియోసార్కోమా. దాని తరువాతిది యూయింగ్ సార్కోమా. మొదటిది సాధారణముగా పది యేండ్లకును ఇరువది యేండ్లకును నడుమ, బిడ్డ ఏపుగా ఎదుగు కాలమున తలచూపును. శరీరములో ఏ యెముక త్వరగా పెరుగునో అచ్చటనే, అనగా మోకాలికి పైనను క్రిందను, భుజమునకు సమీపమునను, ఇది తరచుగా పుట్టును. తల్లిదండ్రులు ఏ పెరుగుదలను చూచి మురిసిపోవుదురో ఆ పెరుగుదలనే ఆశ్రయించి ఈ ఆపద వచ్చుచున్నది. మొదట కనబడునది నొప్పి మాత్రమే. ఆటలో పడియుండునని ఇంటివారు తలంతురు. తైలము రాయుదురు, పట్టు వేయుదురు, కట్టు కట్టింతురు. ఇట్లు మాసములు గడచిపోవును. రాత్రి నిద్రనుండి లేపు నొప్పి, వారములు గడచినను తగ్గని వాపు కనబడినప్పుడు ఆ వాపును మర్దన చేయింపక వెంటనే వైద్యునికి చూపి ఎక్స్‌రే తీయించుట ఇంటి పెద్దల మొదటి ధర్మము.

ఒకప్పుడు ఈ వ్యాధికి తెలిసిన చికిత్స ఒక్కటే. వ్యాధి సోకిన కాలినో చేతినో తొలగించుచుండిరి. అంతటి కఠినకార్యము జరిగిన పిమ్మటనైనను బిడ్డ దక్కునా యన్నచో, దక్కుట అరుదు. 1970వ దశకమునకు పూర్వము శస్త్రచికిత్స మాత్రమే పొందిన పిల్లలలో సుమారు ఐదుగురిలో నలుగురు మరణించుచుండిరి. గాయము మానును, బిడ్డ కఱ్ఱల సాయమున నడచుట నేర్చును, ఇల్లు ఊపిరి పీల్చుకొనును. కొన్ని మాసములకు ఊపిరితిత్తులలో అదే వ్యాధి కనబడును. ఇందుకు కారణమేమనగా, వ్యాధి బయటపడునాటికే ఏ పరీక్షకును చిక్కని సూక్ష్మకణములు రక్తముతో పయనించి ఊపిరితిత్తులలో చేరియుండును. వైద్యులు కాలిలోని వ్యాధిని పూర్తిగా తీసివేసిరి; శేషమును మాత్రము తాకలేకపోయిరి. ఆ శేషమే బిడ్డను కబళించెను.

ఈ శేషమును నిర్మూలించిన మార్గమునకు మూలము ఒక తెలుగువాని పరిశోధనలో ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1920వ దశకమున అమెరికా చేరి, మొదట హార్వర్డు విశ్వవిద్యాలయమునను, తరువాత లెడర్లీ పరిశోధనశాలలోను పనిచేసిరి. కణములు విభజన చెంది పెరుగుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిన్ అవసరము. ఆ విటమిన్‌ను పోలియుండి, దాని స్థానమును ఆక్రమించి, కణముల పెరుగుదలను ఆపు పదార్థములను ఆయన నాయకత్వమున రసాయనజ్ఞులు తయారుచేసిరి. అందులో అమినోప్టెరిన్ అను దానిని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొంతకాలమైనను వ్యాధి తగ్గుముఖము పట్టుటను 1948లో ప్రకటించెను. ఆ కుటుంబములోనిదే మెథోట్రెక్సేట్ అను మందు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే పరమపదించిరి. తాము నాటిన చెట్టు ఎముక కాన్సరు సోకిన బిడ్డలకు నీడనిచ్చుటను వారు చూడలేదు.

1970వ దశకారంభమున బోస్టన్‌లో నార్మన్ జాఫీ, ఎమిల్ ఫ్రై మొదలైన వైద్యులు ఈ మందును ఎముక కాన్సరుపై ప్రయోగించిరి. సాధారణమైన మోతాదునకు ఈ వ్యాధి లొంగదు. లొంగదీయు మోతాదు మనిషి ప్రాణమునే తీయగలిగినంత పెద్దది. అందుచేత వారు ఆ పెద్ద మోతాదును కొన్ని గంటలపాటు రక్తనాళములోనికి ఎక్కించి, సుమారు ఒక దినము గడచిన పిమ్మట లూకోవోరిన్ అను విరుగుడు నిచ్చుట ప్రారంభించిరి. విరుగుడు కూడ ఫోలిక్ ఆమ్లపు సంతతిలోనిదే. మందు కణమును అడ్డగించిన చోటును దాటించి, అది ఆరోగ్యకణములను కాపాడును. క్షీరసాగర మథనమున అమృతమునకు ముందు హాలాహలము పుట్టినదని పురాణము చెప్పుచున్నది. ఇచ్చట రెండింటిని ఇచ్చునది ఒకే చేయి. మందు నిచ్చినవారు గడియారమును చూచుచు, రక్తములో దాని పరిమాణమును కొలుచుచు, మూత్రపిండములు దానిని వెలికి పంపుటకు తగినంత ద్రవము నెక్కించుచు, విరుగుడు నందించుచు మేల్కొనియుండవలెను. జాగరూకత లేనిచో ఈ చికిత్సయే మృత్యువగును. కాలు తీసి ఇంటికి పంపుటతో వైద్యుని పని ముగియదని, శేషమును సాధించువరకు వెంట నుండవలెనని ఈ విధానము నేర్పినది. నేల మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించిన ఎఱ్ఱని డాక్సోరుబిసిన్, ప్లాటినమ్ లోహమునుండి తయారైన సిస్‌ప్లాటిన్ అను మందులు తరువాత దీనికి తోడైనవి.

ఈ నూతన చికిత్స పొందిన తొలి పిల్లలలో అమెరికా సెనేటరు ఎడ్వర్డ్ కెన్నెడీ కుమారుడొకడు. ఆ బాలునికిని తండ్రి పేరే. 1973 నవంబరులో, పండ్రెండేండ్ల వయసున, అతని కుడికాలిని తొలగించిరి. ఆ తరువాత మూడు వారములకొకసారి చొప్పున రెండు సంవత్సరముల చికిత్స నిర్ణయమైనది. ప్రయోగము జరుగుచున్నంతకాలము వ్యయమును కుటుంబములు భరింపనక్కరలేకపోయెను. ప్రయోగము సఫలమైనదని తేలగానే ఆ భారము కుటుంబములపై పడెను. సెనేటరునకు బీమా ఉన్నది, సంపద ఉన్నది. అదే వైద్యశాలలో కూర్చుండిన ఇతర తల్లిదండ్రులు ఇంటిని తాకట్టుపెట్టినవారు, ఉన్నదంతయు అమ్ముకొన్నవారు. నిర్ణయించిన చికిత్సలో సగము మాత్రమే చేయింపగలిగినచో తమ బిడ్డ బ్రతుకుటకు ఎంత అవకాశముండునని వారు వైద్యులను అడుగుచుండిరి. 2009లో, తన మరణమునకు కొలది వారముల ముందు, కెన్నెడీ ఈ సంగతిని స్వయముగా వ్రాసి, అందరికిని వైద్యము అందవలెనను తన జీవితకార్యమునకు దానినొక కారణముగా చెప్పుకొనెను.

ఆ తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలో ఎంతటి దారుణమున్నదో గృహస్థులెల్లరు ఆలోచింపవలసియున్నది. సగము చికిత్స అనగా శేషమును మిగుల్చుట. శేషము మిగిలినచో జరుగునదేమో వైద్యులకు తెలియును, తల్లిదండ్రులకును తెలియును. తెలిసియు, ధనము లేక, మధ్యలో బిడ్డను ఇంటికి గొనిపోవు తండ్రిని పాపి యని ఎవరనగలరు? ఆ పాపమున్నచో అది ఆతని ఒక్కనిది కాదు. ఆతని ఊరిది, బంధువులది, తోడివారి కష్టమును చూచియు చూడనట్లు నడచిపోయిన ప్రతివానిది.

భారతదేశమున ఈ ప్రశ్న నేటికిని తీరలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములవలన పేదలకు శస్త్రచికిత్స, మందులు అందుట కొంత సులభమైనది. అయినను నెలల తరబడి పట్టణములో నుండుటకు బస, ప్రయాణపు ఖర్చు, పోయిన కూలి, ఇంటివద్ద మిగిలిన పిల్లల పోషణ అను భారములు ఏ పథకములోను పూర్తిగా ఇమడవు. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ చికిత్సకు నిరంతర రక్తపరీక్షలు, దీర్ఘకాలము వైద్యశాలలో నివాసము కావలెను గనుక, ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యశాలవారు ఆ మందును విడిచి, మిగిలిన మందులతో ఈ దేశపు పేదలకు అనువైన చికిత్సాక్రమమును రూపొందించి మంచి ఫలితములను సాధించిరి. శాస్త్రము దయతో కలిసినప్పుడు ఇట్టి మార్గములు కనబడును.

ధనము లేమికి తోడు మరియొక అడ్డంకి ఉన్నది. కాలు తీయవలెనని విన్నంతనే కొందరు బిడ్డను తీసికొని వెడలిపోవుదురు. నేడు సదుపాయములు గల వైద్యశాలలలో ఎక్కువమందికి కాలు తీయకయే, వ్యాధి సోకిన ఎముకభాగమును మాత్రము తొలగించి, దాని స్థానమున లోహపు ఎముకను అమర్చుచున్నారు. కాని కొందరికి అంగచ్ఛేదము తప్పదు. అంగవైకల్యముతో బ్రతుకుటకంటె చావు మేలనుట పెద్దల మాటయేగాని బిడ్డ మాట కాదు. ఆడపిల్ల యైనచో ఈ మాట మరింత తొందరగా నోటికి వచ్చును. 1968లో రామచంద్రశర్మ, డాక్టరు పి. కె. సేఠీగారలు జైపూరులో రూపొందించిన కృత్రిమ పాదముతో ఎందరో పొలములలో నడచుచున్నారు, చెట్లెక్కుచున్నారు. శరీరము జీవునికి ఉపకరణము. ఉపకరణములో ఒక భాగము పోయినంతమాత్రమున జీవుని విలువ తగ్గదని తెలిసినవారు ఆ బిడ్డ బ్రతుకును ఇతరుల చూపులకు బలియీయరాదు.

రోగి యింటికి పరామర్శకు వచ్చువారిలో కొందరు ఏ జన్మలో ఏమి పాపము చేసినాడో యని నిట్టూర్చుదురు. ఆ మాట తల్లి గుండెలో ముల్లువలె దిగును. ఈ వ్యాధికి చాలమంది పిల్లలలో తెలిసిన కారణమేదియు లేదు. కొలది కుటుంబములలో మాత్రము పుట్టుకతో వచ్చు లోపమొకటి తోడ్పడును. తల్లి పెట్టిన ఆహారము, తండ్రి చూపిన అజాగ్రత్త, బిడ్డ ఆడిన ఆట దీనికి కారణములు కావు. ఇది అంటువ్యాధి కాదు. మరి కర్మసిద్ధాంతము మాటేమి? ఆ సిద్ధాంతము తన దుఃఖమును ధైర్యముతో సహించుటకును, తన నడవడిని దిద్దుకొనుటకును చెప్పబడినది. ఇతరుని దుఃఖమును తూచుటకు అది తక్కెడ కాదు. యుద్ధభూమిలో లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు శ్రీరామచంద్రుడు తమ్ముని పూర్వకర్మను విచారింపలేదు. దుఃఖించెను, సుషేణుడు ఓషధిని చెప్పెను, హనుమంతుడు దానిని గుర్తింపలేక పర్వతమునే తెచ్చెను. భగవంతుడే వైద్యుని మాట విని ఓషధికై వేచియున్నప్పుడు, మొక్కుకొన్నాము గనుక మందు అక్కరలేదనుట భక్తి యగునా? మ్రొక్కు మనస్సునకు బలమిచ్చును. మందు దేహమునకు పనిచేయును. ఒకదానిని రెండవదానికి అడ్డముగా నిలుపుట అవివేకము.

చికిత్స పూర్తిగా చేయించినను దక్కని బిడ్డలు కలరు. వ్యాధి ఒక్కచోటనే ఉన్నప్పుడు కనుగొన్నచో నేడు నూటికి అరువదినుండి డెబ్బదిమంది వరకు దీర్ఘకాలము జీవించుచున్నారు. మొదటనే ఊపిరితిత్తులకు ప్రాకియున్నచో ఆ సంఖ్య ఇరువది ముప్పదికి తగ్గును. 1980వ దశకమునుండి ఈ అంకెలు పెద్దగా మెరుగుపడలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు జటాయువు కథ స్మరణీయము. రెక్కలు తెగి పడియున్న ఆ పక్షిరాజును రాముడు బ్రతికింపలేదు. అయినను విడిచి పోలేదు. ప్రక్కన కూర్చుండి, మాట విని, కన్నీరు కార్చి, కన్నతండ్రికి వలె ఉత్తరక్రియలు చేసెను. రక్షణ ఫలింపలేదు గనుక ప్రేమ వ్యర్థమైనదని ఆ ఘట్టము చదివినవారెవ్వరు అనరు.

దక్కని ఆ పిల్లలే దక్కినవారికి ఋణదాతలు. 1980వ దశకారంభమున, శస్త్రచికిత్స తరువాత మందులిచ్చుట నిజముగా ఉపకరించునా యని వైద్యలోకములో సందేహము కలిగినది. దానిని తీర్చుటకు కొందరు రోగులకు మందులిచ్చియు, కొందరికి ఈయకయు పరిశీలించిరి. 1986లో ఫలితము వెలువడెను. రెండేండ్లకు వ్యాధి తిరుగబెట్టనివారు మందులు లేనివారిలో నూటికి 17 మంది, మందులు పొందినవారిలో 66 మంది. నేడు ప్రతి బిడ్డకును నిస్సందేహముగా మందులు ఇచ్చుచున్నారన్నచో, ఆ నిశ్చయమునకు మూల్యము చెల్లించినవారు ఆ మొదటి పిల్లలు. కెనడా యువకుడు టెరీ ఫాక్స్ 1977లో, పదునెనిమిదేండ్ల వయసున, ఇదే వ్యాధివలన కుడికాలిని కోల్పోయెను. వైద్యశాలలో చిన్నపిల్లల బాధను చూచిన ఆతడు కాన్సరు పరిశోధనకు నిధి కూర్చుటకై 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో ఆ దేశమునకు అడ్డముగా పరుగు ప్రారంభించెను. 143 దినములు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన పిమ్మట వ్యాధిశేషము ఊపిరితిత్తులలో బయటపడి ఆతని నాపెను. 1981 జూన్ 28న, ఇరువదిమూడవ యేడు నిండకముందే, ఆతడు మరణించెను. ఆతని పేర పరుగు నేటికిని అనేక దేశములలో సాగుచున్నది. ఆయువు చిన్నదైనను బ్రతుకు అసంపూర్ణము కాదు.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని అందరు ఎరుగుదురు. శతపథ బ్రాహ్మణము వీనితోపాటు నాల్గవదియైన మనుష్యఋణమును కూడ పేర్కొన్నది. సుబ్బారావుగారి వంటి పరిశోధకులకు, రాత్రులు మేల్కొనిన వైద్యులకు, పరిచారికలకు, పేరు తెలియని ఆ పిల్లలకు లోకము పడిన ఋణము ఇట్టిదే. దానిని తీర్చుకొనుటకు వారిలో అనేకులు నేడు లేరు. కావున అది ఇప్పుడు చికిత్స కావలసిన బిడ్డకు చెల్లవలెను.

వ్యాధి తీరి ఇంటికి వచ్చిన బిడ్డకును చెల్లవలెను. ఎందుకన, చికిత్స కూడ దేహములో తన శేషమును విడిచిపోవును. డాక్సోరుబిసిన్ కొందరి గుండెకండరమును బలహీనపరచును. ఆ లోపము పదునైదు, ఇరువది యేండ్లకైనను బయటపడవచ్చును. సిస్‌ప్లాటిన్ వలన చెవులకు సన్నని ధ్వనులు వినబడకపోవచ్చును, మూత్రపిండములు దెబ్బతినవచ్చును. లోహపు ఎముక వదులగును, చీము పట్టును, మరల శస్త్రచికిత్స కావలసివచ్చును. అమెరికాలో 1994లో ప్రారంభమైన ఒక బృహత్ పరిశీలనము, 1970–1986 నడుమ చిన్నతనమున కాన్సరు సోకి బ్రతికినవారిని దశాబ్దములుగా అనుసరించుచు ఈ సత్యములను వెల్లడించినది. అందువలన వ్యాధి నయమైనదని కాగితములు పారవేయరాదు. ఏ మందు ఎంత ఇచ్చిరో తెలుపు పత్రమును ఇంటి దస్తావేజులతో భద్రపరచి, గుండె, చెవి, మూత్రపిండముల పరీక్షలను వైద్యుడు చెప్పిన కాలమునకు జీవితాంతము చేయించుచుండవలెను.

దేహమునకు వెలుపలి శేషము మరియొకటి కలదు. బడిలో వెనుకబడిన చదువు, తోటివారి జాలిచూపు, ఉద్యోగమునకు పోయినచోట సంకోచము, పెండ్లి మాట వచ్చినప్పుడు గుసగుస – వీనిని ఏ మందును తీర్పజాలదు. ఇవి సమాజము కలిగించినవి గనుక సమాజమే తీర్పవలెను. ఎడ్వర్డ్ కెన్నెడీ అంత్యక్రియలనాడు ఆయన కుమారుడు ఒక సంఘటనను స్మరించెను. కాలు పోయిన కొన్ని మాసములకు, మంచు కురిసిన దినమున, తండ్రి ఆతనిని మంచుబండిపై జారుటకు పిలిచెను. కొత్త కృత్రిమ కాలితో ఆ బాలుడు మంచుపై జారిపడి, ఆ మెట్టను తానెన్నడును ఎక్కలేనని ఏడ్చెను. తండ్రి ఆతనిని లేవనెత్తి, దినమంతయు పట్టినను ఇద్దరును కలిసియే ఎక్కుదమని చెప్పి, నడుమునకు చేయి చుట్టి నెమ్మదిగా పైకి తెచ్చెను. ఆ బాలుడు పెరిగి న్యాయవాదియై, వికలాంగుల హక్కులకొరకు పనిచేసి, 2015 నుండి 2019 వరకు కనెక్టికట్ రాష్ట్రపు సెనేటులో సభ్యుడుగా నుండెను. తండ్రి ఆతనిని ఎత్తుకొని పైకి చేర్చలేదు. ఒంటరిగా ఎక్కుమని విడిచిపెట్టను లేదు. కోలుకొన్న బిడ్డకు లోకము చేయవలసిన సహాయము ఇట్టిదే.

శ్రీవైష్ణవ పరిభాషలో శేషమను పదమునకు మరియొక అర్థము కలదు. ఇతరుని ప్రయోజనమునకై ఉండునది శేషము. జీవుడు భగవంతునికి శేషభూతుడు. తన కొరకు తానుండువాడు కాడు. ఈ సత్యమును గుడిలో అంగీకరించిన గృహస్థుడు వైద్యశాల వరండాలో దానిని మరువరాదు. భగవంతునికి చెందినవాడు భగవంతుని బిడ్డలకును చెందును. పొరుగింటి బిడ్డ చికిత్స సగములో ఆగకుండ ఒక నెల బసకు సహాయపడుట, వెంట పోయి ఒక రాత్రి మేల్కొనుట, కోలుకొని వచ్చిన బిడ్డను ఆటలోను చదువులోను పెండ్లిపందిరిలోను అందరితో సమముగా చూచుట – ఇవి చిన్న పనులే. శేషము కూడ చిన్నదే. చిన్నదని విడిచిన శేషము కొంప ముంచును. చిన్నదని విడువక తీర్చిన ఋణము ఒక ప్రాణమును నిలుపును.